తుడిచినా పోని రాత

కిందటి వారం మనం కత్తెరమ్మను ఆమె సొంత కుట్టుదుకాణం గుమ్మంలోనే నిలబెట్టి వచ్చేశాం. పన్నెండు రోజులు కళ్ల ఆస్పత్రిలో గంతలతో పడుకుని, నల్లద్దాలు తగిలించుకుని ఇల్లు చేరిన మనిషికి ఎదురొచ్చినవి మూడు కుట్టుమిషన్లు. గోనెపట్టాలు చుట్టి, తాళ్లతో బిగించి, వీధిలోకి తోయడానికి సిద్ధంగా ఉన్నాయి. పక్కనే చెల్లెలి ట్రంకుపెట్టె. "నాలుగింటికి లారీ వస్తుంది పెద్దక్కా. చిన్నక్కవాళ్లు రేవుపట్నం వెళ్లిపోతున్నారుగా, మీకు తెలియదా?" అని కాజాలు కుట్టే ఆవిడ నోరు జారింది. ముప్పై ఏళ్లు ఒకే బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి పనిచేసిన అక్కచెల్లెళ్లు విడిపోవాలని ఎవరు తేల్చారని కత్తెరమ్మ అడిగింది. అందరూ లోపలున్న కటింగ్ బల్ల వైపు చూశారు.

కత్తెరమ్మ కూడా చూసింది. నల్లని బల్ల చివర తెల్లని అక్షరాలు. ఆపరేషన్ అయిన కంటికి తెలుపు మరీ తెల్లగా, పొడుచుకొచ్చినట్టు కనిపిస్తోంది.

"చిన్నక్కకు మూడు మిషన్లు. రేవుపట్నంలో వేరే దుకాణం."

ఆ బల్ల వాళ్ల నాన్న చేయించింది. ఆయన దర్జీ. తొందరపడి కత్తెర వేసి ఎవరి పెళ్లికోటో పాడుచేశాడట చిన్నతనంలో. అప్పటినుంచి ఏ గుడ్డ మీదైనా సాయంత్రం గీత గీసి, మర్నాడు గానీ కత్తిరించేవాడు కాదు. "గీత మాటలాంటిది, చెరుపుకోవచ్చు. కోత పడ్డాక గుడ్డ అతుక్కోదు" అనేవాడు. గుడ్డకు పెట్టిన పద్ధతే మనుషులకూ పెట్టాడు. దుకాణంలో ఏదైనా తేలాలంటే ఎవరైనా సరే, పనివాళ్లయినా సరే, బల్ల చివర సుద్దతో రాయొచ్చు. కొలతల పుస్తకంలో రాసినట్టు విడివిడి అక్షరాలతో రాయాలి, చేతిరాత పోల్చుకోకుండా. మూడు రోజులు దాన్ని అలాగే ఉంచుతారు. గిట్టనివాళ్లు తుడిచేయొచ్చు. రాసిందెవరని అడగకూడదు, తుడిచిందెవరనీ అడగకూడదు. మూడు రోజులు దాటి నిలిస్తే అదే నిర్ణయం. "నోరున్నవాడిదే నెగ్గే ఇంట్లో నోరులేనివాడికి అరచెయ్యి చాలాలి" అన్నది ఆయన మాట. కొత్త మిషను కొనడమైనా, వారంలో ఏ రోజు సెలవన్నదైనా, కిటికీకి ఏ రంగు వేయాలన్నదైనా ఆ బల్ల మీదే తేలేది.

ఈ రాత పుట్టి నాలుగు రోజులైంది. అంటే గడువు దాటిపోయింది.

కత్తెరమ్మ ముందు కాజాలావిడ పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ తల ఎత్తకుండా చొక్కా పట్టీ మీద సూది నడిపిస్తోంది. అయిదు నిమిషాల్లో ఒకే కాజాను రెండుసార్లు కుట్టడం కత్తెరమ్మ నల్లద్దాల వెనకనుంచి కనిపెట్టింది.

"ఇది నువ్వు చూశావా?"

"చూడకపోవడమేంటక్కా, ఎదురుగానే ఉందిగా."

"చూసి ఊరుకున్నావా?"

ఆవిడ దారం పంటితో కొరికింది. "అడక్కూడదు గదా. పెద్దాయన పెట్టిన కట్టుబాటు."

"ఆ పెద్దాయన కూతుర్ని నేను. పాపమేదైనా ఉంటే నా ఖాతాలో వేసుకుంటాను, చెప్పు."

"తుడిచానక్కా" అంది ఆవిడ గొంతు తగ్గించి. "రాసిన మొదటి సాయంత్రమే. కొంగుతో రుద్దితే పోలేదు. తడిగుడ్డ పెట్టి గట్టిగా తుడిచా. శుభ్రంగా పోయింది. పొద్దున్నే వచ్చి చూద్దును గదా, మళ్లీ అలాగే ఉంది! ఎవరికో గట్టి పంతమే ఉందనుకున్నా. పెద్దోళ్ల మధ్య నేనెందుకులే అని నోరు మూసుకున్నా."

"ఎవరి పంతమనుకున్నావు?"

ఆవిడ సూదిని చొక్కాలో గుచ్చి వదిలేసింది. "మీదే."

"నాదా! కళ్లకు గంతలు కట్టుకుని మంచం దిగడానికి దిక్కులేకుండా పడుంటే, నేనొచ్చి రాశానా?"

"మీరొచ్చి రాయాలా ఏంటి, కబురు చేసి రాయించి ఉండొచ్చు. చిన్నక్కను మొహం మీద పొమ్మనలేక..." ఆవిడ మాట మింగేసింది.

తను పట్టుకోవడానికి వచ్చిన దొంగ తనేనని ఎదుటిమనిషి నాలుగు రోజులుగా నమ్ముతోందని తెలిసి కత్తెరమ్మకు చెవులు వేడెక్కాయి.

ఇస్త్రీ బాబాయ్ దగ్గరికి వెళ్లింది. డెబ్బై దాటిన మనిషి, ఇస్త్రీపెట్టె ముందు నిలబడితే పాతికేళ్లవాడు. ఆమె అడక్కముందే అందుకున్నాడు.

"నా దగ్గరకే వస్తావని తెలుసమ్మాయ్. తుడిచాను. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి గోడలకు వినపడేలా తిట్టాను కూడా. ఎవడ్రా నువ్వు, మగాడివైతే నా ఎదురుగా రాయి, ఆడదానివైతే అసలు రాయకు అని. గోడలు నవ్వాయి గానీ పలకలేదు."

"తుడిస్తే పోయిందా?"

"పోవడమేంటి, నల్లగా నిగనిగలాడింది బల్ల. తెల్లారేసరికి మళ్లీ సిద్ధం. రక్తబీజుడిలాగ."

"ఎవరి పని అంటావు బాబాయ్?"

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి, గుమ్మం వైపు గడ్డం ఆడించాడు. అక్కడ చెల్లెలి భర్త వంగి, మూడో మిషనుకు తాడు ముడి వేస్తున్నాడు. "ఇంకెవరు? ఇల్లరికం కాకపోయినా ఇల్లరికంలాంటి బతుకేగా పాపం. సొంతంగా ఒక బోర్డు తగిలించుకోవాలని తీట ఉండదూ? అందుకే మూడోసారి నేను చెయ్యి పెట్టలేదు."

కత్తెరమ్మ అనుమానం కూడా మొదటినుంచీ అతని మీదే. మంచివాడే మరిది. మంచివాడు కాబట్టే అనుమానం. పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఆమెకు ఎదురుచెప్పని మనిషి లోపల ఏం దాచుకున్నాడో ఎవరు చూశారు? అతను వేసే ముడి వైపే చూస్తూ దగ్గరికి వెళ్లింది. లాగితే వచ్చే ముడి కాదు, కొయ్యాల్సిన ముడి.

"వదినా, ఎండలోకి రాకండి. కళ్లకు మంచిది కాదు" అంటూ లేచి నిలబడ్డాడు.

"నా కళ్లు బాగానే కనబడుతున్నాయిలే. అది రాసింది నువ్వేనా?"

"నేనా?" అతని మొహంలో కోపం లేదు, ఉలికిపాటు కూడా లేదు. అలసట ఉంది. "నేను తుడిచానండీ."

"నువ్వూనా!"

"రెండో రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచినప్పుడు తుడిచాను. సాయంత్రానికి మళ్లీ ఉంది. దాంతో నాకర్థమైంది. మేం మీకు బరువైపోయాం, పెద్దమనిషి కాబట్టి నోటితో అనలేక బల్ల చేత అనిపిస్తున్నారు అని. అలా అనుకున్నాక ఇంకా చూరు పట్టుకుని వేలాడితే ఏం మర్యాద? వెళ్లి రేవుపట్నంలో గది మాట్లాడి వచ్చాను."

"మా చిన్నిని అడగలేదా?"

"అడిగాను. ‘మీ ఇష్టం’ అంది."

"అంతేనా?"

"అంతేనండీ. ఇంకేం అడుగుతాం, మీ ఇష్టం అన్నాక?"

నిర్ణయం అనే మాటను మనం తెచ్చి పెద్దపీట మీద కూర్చోబెడతాం. పెద్దలు చేరాలి, పది నోళ్లు మాట్లాడాలి, ఎవరో గొంతు సవరించుకోవాలి అనుకుంటాం. నిజానికి ఇళ్లల్లో అది అలా జరగదు. ఒకరు "చూద్దాం" అంటారు. ఇంకొకరు "అలాగే కానీ" అంటారు. మూడోవారు "మీ ఇష్టం" అని లోపలికి వెళ్లిపోతారు. ఆ మూడు ముక్కల మధ్య ఎక్కడో, ఎవరి చేతా కాకుండా, గుడ్డ రెండుగా తెగిపోతుంది. తెగాక చూసుకుంటే కత్తెర ఎవరి చేతిలోనూ ఉండదు. కత్తెరమ్మ పుట్టిన దగ్గర్నుంచి చూసిన ఎడబాట్లన్నీ ఇలాగే జరిగాయి. పొమ్మన్నవారెవరో తెలిస్తే కొట్లాడొచ్చు. ఎవరూ పొమ్మనకుండానే మనిషి గడప దాటిపోతే ఎవరి గుండెల మీద గుద్దాలి?

కానీ ఇక్కడ ఒకరున్నారు. ముగ్గురు తుడిచారు. తుడిచిన ప్రతిసారీ ఎవరో మళ్లీ రాశారు. ఆ ఒక్కరూ ఎవరో నాలుగింటిలోపల దొరకాలి. గోడగడియారం రెండుంబావు చూపిస్తోంది.

ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. చీరచెంగు నడుముకు దోపి, తడిగుడ్డ తెచ్చి, అందరూ చూస్తుండగానే ఆ రాతను బరబరా తుడిచింది. అక్షరాలు మాయమై బల్ల నల్లగా తేలింది. "ఇదిగో, నేనే తుడిచాను. నేను తుడవడం ఇష్టం లేనివాళ్లు ఇప్పుడొచ్చి మళ్లీ రాయండి" అని, బల్లకు మూరెడు దూరంలో స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది.

ఎవరూ రాలేదు. కాజాలావిడ తల దించుకుని కుడుతోంది. ఇస్త్రీ బాబాయ్ నీళ్లు చిలకరించుకుంటున్నాడు. మరిది గుమ్మంలో లారీ కోసం చూస్తున్నాడు. ముగ్గురి చేతులనూ మార్చి మార్చి చూస్తూ కత్తెరమ్మ కూర్చునే ఉంది. పది నిమిషాలు గడిచాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. బల్ల అంచునుంచి తడి ఆరుకుంటూ వస్తోంది.

ఆరిన చోట ‘చి’ కనిపించింది.

కత్తెరమ్మ నల్లద్దాలు పైకెత్తి మళ్లీ చూసింది. తర్వాత ‘న్న’ వచ్చింది. నీళ్లలోంచి చేప వీపు తేలినట్టు ఒక్కో అక్షరం, ఎవరి చెయ్యీ తగలకుండా, తనంతట తను పైకి తేలింది. తడి పూర్తిగా ఆరేసరికి వాక్యం మొత్తం ఎప్పటిలా కూర్చుంది.

ఎవరూ మళ్లీ రాయలేదు. అసలు ఎవరూ తుడవలేకపోయారు. తడిలో కనిపించకుండా పోయింది, ఆరగానే కనిపించింది. అంతే! తుడిచిన ముగ్గురూ తమ వెనక ఇంకొకరున్నారని భయపడి, ఆ లేని మనిషి మాటకు తలొంచి, చెల్లెలి కాపురాన్ని లారీకెక్కించబోయారు. ఒక్కరంటే ఒక్కరు "నేను తుడిచాను" అని పైకి అనుంటే సరిపోయేది. అనకూడదన్నది కట్టుబాటు. నోరులేనివాళ్ల కోసం నాన్న పెట్టిన కట్టుబాటు నోరున్నవాళ్లను కూడా మూగవాళ్లను చేసింది.

ఆమె నవ్వబోయింది. గోటితో ఒక అక్షరాన్ని గీకి చూసింది. గోరు కింద జిడ్డుగా, మెత్తగా చేరింది. నవ్వు సగంలో ఆగింది.

అది మైనపు సుద్ద. మామూలు సుద్ద నిలవని దళసరి ఉన్నిగుడ్డ మీద గీయడానికి పూర్వం వాడేవారు. చేత్తో రుద్దినా, నీళ్లు పోసినా పోదు. వేడి ఇస్త్రీపెట్టె పెడితేనే కరిగి పోతుంది. ఉన్నికోట్ల బేరం ఇరవయ్యారేళ్ల కిందటే ఆగిపోయింది. కాజాలావిడ, బాబాయ్, మరిది, అందరూ ఆ తర్వాత వచ్చినవాళ్లే. మైనపు సుద్దను చేత్తో పట్టినవాళ్లు ఆ ఇంట్లో ముగ్గురే. వాళ్లలో నాన్న పోయాడు. తను రాయలేదు.

కత్తెరమ్మ లెక్క అక్కడే ఆపేసింది. ‘మొగుడికి ఎప్పుడో చూపించి ఉంటుంది. పాత డబ్బాలో దొరికితే ఎవరో తెలియక తీసుంటారు’ అని తనకు తనే సర్దిచెప్పుకుంది. అనుమానం ఊరందరి మీదా పోతుంది గానీ మన ఒళ్లో పెరిగినవాళ్ల దగ్గరికొచ్చేసరికి కుంటుతుంది. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది.

పైగదిలో చెల్లెలు నేల మీద కూర్చుని కాగితపు నమూనాలను చుట్టచుట్టి దారం కడుతోంది. చొక్కా చేతులు, కాలర్లు, జేబులు. అక్కను చూసి లేవలేదు.

"చిన్నీ, లేవవే! ఈ మూటలన్నీ విప్పెయ్" అంది కత్తెరమ్మ ఆయాసపడుతూ. "ఎవరికీ ఇష్టం లేదే తల్లీ. ఒకళ్లనొకళ్లు అనుమానించుకుని పిచ్చివాళ్లయ్యారు. కాజాలావిడ తుడిచింది. బాబాయ్ తుడిచాడు. నీ మొగుడూ తుడిచాడు. ఇందాక నేనూ తుడిచాను. అందరం తుడిచాం!"

"నేను తుడవలేదు" అంది చెల్లెలు.

దారం ముడి బిగించి, చుట్టను పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంది.

"నువ్వెందుకు తుడుస్తావు, నీ గురించి రాసిందాన్ని తుడవడానికి మొహమాటపడుంటావు..."

"మొహమాటం కాదక్కా. రాసింది నేనే. తుడిస్తే పోకూడదనే ఆ సుద్ద వెతికి మరీ రాశాను."

కింద కత్తెరమ్మ లెక్క ఎక్కడ ఆపిందో అక్కడినుంచే అది మళ్లీ నడిచింది.

"నేనేం తక్కువ చేశానే నీకు?"

"తక్కువెప్పుడు చేశావు? ఎప్పుడూ ఎక్కువే చేశావు." చెల్లెలి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది అక్కకు. "నేను ఆస్పత్రికొచ్చాను, ఏడో రోజున. నీ కళ్లకు గంతలున్నాయి. నర్సు ఏదో ఫారం నింపుతోంది. అవసరమొస్తే మీ బదులు నిర్ణయం చెప్పేదెవరమ్మా, ఎవరి పేరు రాయమంటారు అని అడిగింది. నా పేరు చెబుతావని గుమ్మంలోనే ఆగాను. వినాలనిపించింది."

కత్తెరమ్మ నల్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"నువ్వు నవ్వావు. ‘చెల్లెలుంది గానీ దానికేం తెలుసమ్మా, దాని నిర్ణయాలు కూడా నేనే చేశాను’ అన్నావు. అంతటితో ఊరుకున్నా పోయేది. ‘పద్దెనిమిదేళ్లప్పుడు రేవుపట్నంలో కుట్టు నేర్పే బడికి పంపమని బల్ల మీద రాసింది. ఎవరూ చూడకుండా నేనే తుడిచేశాను. లేకపోతే ఈపాటికి నా దగ్గరుండేదా’ అన్నావు. నర్సు కూడా నవ్వింది."

"అది... చిన్నీ, నిన్ను వదిలి ఉండలేక చేశానే. అమ్మ పోయి ఏడాది కాలేదు అప్పటికి. నువ్వూ వెళ్లిపోతే ఆ ఇంట్లో నేను..."

"నాన్న తుడిచాడనుకున్నానక్కా." ఇప్పుడు మొదటిసారి చెల్లెలు చేతిలోని దారం వదిలేసింది. "అడక్కూడదు గదా! అందుకే అడగలేదు. ఆయనే అనుకున్నాను. పదకొండేళ్లు ఆయనకు కంచంలో వడ్డించాను గానీ ఒక్క మంచిమాట వడ్డించలేదు. పోయేరోజు నా వైపు చెయ్యి చాపాడు, గుర్తుందా? నువ్వు అక్కడే ఉన్నావు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నువ్వు అన్నీ చూస్తూ ఉన్నావు. అప్పుడైనా చెప్పలేదు."

కత్తెరమ్మకు ఆ చెయ్యి గుర్తుంది. చూపుడువేలి మీద కత్తెర కాయ కాసిన చెయ్యి. గాలిలో కాసేపు అలాగే ఉండి, దుప్పటి మీద పడిపోయింది.

"నిన్ను తిట్టను. ఆ వయసు దాటిపోయాం. ఈ యాభైలో నాకు బడి ఎందుకు, ఏమీ వద్దు. కానీ ఒక్కటైనా నేను రాసింది రాసినట్టు ఉండిపోవాలనిపించింది. అంతే." చెల్లెలు లేచి, ఎదురుగా వచ్చి నిలబడింది. "వెళ్లేముందు ఒకటే అడుగుతాను. ఈ ఒక్కసారికి నిజం చెప్పు. నువ్వు తుడుస్తుంటే నాన్న చూశాడా?"

కింద వీధిలో లారీ హారన్ మోగింది. నాలుగు ఇంకా కాలేదు, ముందే వచ్చేసింది. "వదినా!" అని మరిది కేకేశాడు. "ఎక్కించమంటారా, తాళ్లు విప్పమంటారా? మీరే చెప్పాలి!"

చూడలేదు అంటే చాలు. చెల్లెలి మనసులో నాన్న ఏమీ తెలియని అమాయకుడై మిగులుతాడు, చిన్ని కూడా కాసేపు ఏడ్చి మెత్తబడుతుంది, మిషన్లు మళ్లీ లోపలికొస్తాయి. కత్తెరమ్మకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. జీవితమంతా ఇలాంటి మాటలతోనే ఇతరుల తరఫున నిర్ణయాలు చేసిన మనిషికి అదేమంత కష్టం కాదు.

చెల్లెలు రెప్ప వేయకుండా చూస్తోంది. నమ్మని చూపు. ఈ చూపుతోనే కత్తెరమ్మ ఇంతసేపూ కింద అందరినీ చూసింది.

"చూశాడు" అంది కత్తెరమ్మ.

చెల్లెలి చేతిలోని కాగితపు చుట్ట జారి మెట్ల వైపు దొర్లింది.

"గుమ్మంలో నిలబడి చూశాడు. చూసి నాతో ఒక మాటన్నాడు. నీకు చెప్పమన్న మాట. ముప్పై ఏళ్లుగా నేనే మోస్తున్నాను." ఆమె కిటికీ దగ్గరికి నడిచి, కిందికి వంగి మరిదికి చేత్తో సైగ చేసింది. "లారీని కాసేపు ఆగమని చెప్పవయ్యా. ఎక్కించేదీ దించేదీ నేను కాదు, ఈ మాట విన్నాక చిన్నే చెబుతుంది."